పూల్ హీటర్‌లో నీటి ప్రవాహాన్ని కొలవడం, సరిచేయడం, పరీక్షించడం ఎలా?

హీటర్ వెలిగిన రెండు నిమిషాలకే ఆరిపోతోందా? కాసేపటికి దానంతటదే వెలిగి మళ్ళీ ఆరిపోతోందా? బోర్డు మార్చాలి, సెన్సర్ మార్చాలి అనుకునే ముందు నీటి సంగతి చూడండి. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం హీటర్ గుండా వెళ్ళే నీరు చాలకపోవడమే.

పనిలోకి దిగే ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. హీటర్‌లోని ప్రెషర్ స్విచ్ చూసేది నీటి ఒత్తిడిని మాత్రమే. నీరు కదులుతోందా లేదా అన్నది దానికి తెలియదు. హీటర్ తర్వాత, నీటిని తిరిగి పూల్‌కు తీసుకెళ్ళే రిటర్న్ లైన్ మీదున్న వాల్వ్‌ను ఎవరో మూసేశారనుకోండి. ఒత్తిడి నిండుగా ఉంటుంది, నీరు చుక్క కూడా ముందుకు పోదు. స్విచ్ కలిసి కరెంటు పోనిస్తుంది, బర్నర్ వెలుగుతుంది, హీట్ ఎక్స్ఛేంజర్‌లో (మంట వేడిని నీటికి అందించే గొట్టాల్లో) నిలిచిపోయిన నీరు మరుగుతుంది. అందుకే స్విచ్ స్క్రూ తిప్పే పని అన్నిటికన్నా ఆఖరున రావాలి. ముందు శుభ్రం చేయడం, తర్వాత ప్రవాహాన్ని కొలవడం, ఆ తర్వాత బైపాస్ (కొంత నీటిని హీటర్‌లోకి పోనివ్వకుండా పక్కదారి పట్టించే పైపు) సర్దడం, చివరికి స్విచ్. ఈ వరస తప్పితే ఎంత సర్దినా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

హీటర్ మూత విప్పే ముందు బ్రేకర్ ఆపండి, గ్యాస్ హీటరైతే గ్యాస్ వాల్వ్ కూడా మూయండి. గ్యాస్ ప్రెషర్, బర్నర్, పొగ గొట్టం జోలికి మీరు వెళ్ళకండి. అవి లైసెన్సు ఉన్న మెకానిక్ చేయాల్సిన పనులు. ఇక్కడ చెప్పేదంతా నీటి వైపు పని.

మీ హీటర్ అంకెలు తెలుసుకోండి

హీటర్ పక్కన అతికించిన ప్లేటు మీద ఇన్‌పుట్ (హీటర్ తీసుకునే శక్తి), అవుట్‌పుట్ (నీటికి ఇచ్చే వేడి) రాసి ఉంటాయి. అవుట్‌పుట్ లేకపోతే ఇన్‌పుట్‌ను సామర్థ్య శాతంతో గుణించండి. ఉదాహరణకు గంటకు 4,00,000 బి.టి.యు. (వేడిని కొలిచే యూనిట్) ఇన్‌పుట్, 82 శాతం సామర్థ్యం అయితే అవుట్‌పుట్ గంటకు 3,28,000 బి.టి.యు. దీన్ని 3,412తో భాగిస్తే సుమారు 96 కిలోవాట్లు.

కనిష్ఠ, గరిష్ఠ ప్రవాహం మాన్యువల్‌లో ఉంటాయి. ఇళ్ళలో వాడే గ్యాస్ హీటర్లలో సైజును బట్టి కనిష్ఠం నిమిషానికి 75 నుంచి 150 లీటర్ల దాకా, గరిష్ఠం 450 లీటర్ల చుట్టుపక్కల ఉండడం మామూలు. గాలిలోని వేడిని లాగి నీటికిచ్చే హీట్ పంపుల్లో చిన్నవి నిమిషానికి 50, 60 లీటర్లతోనే నడుస్తాయి, పెద్దవి 115 నుంచి 265 లీటర్లు అడుగుతాయి. ఇవి అంచనా కోసమే. సర్దేటప్పుడు మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి. అది అమెరికన్ గ్యాలన్లలో ఉంటే 3.785తో గుణించండి, లీటర్లు వస్తాయి.

అడ్డంకులు తీసేయండి

పూల్ నీటి మట్టం స్కిమ్మర్ (పూల్ గోడలో పై నీటిని, చెత్తను లాగే తూము) నోటికి సగం దాకా ఉండాలి. అంతకన్నా తగ్గితే పంపు గాలి లాగుతుంది. స్కిమ్మర్ బాస్కెట్, పంపు బాస్కెట్ ఖాళీ చేయండి. పంపు మూత కింద ఉండే ఓ-రింగ్ తీసి తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి పెట్టండి. పంపు నడుస్తున్నప్పుడు పారదర్శక మూతలోంచి చూస్తే నీరు నిండుగా కనిపించాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే సక్షన్ వైపు, అంటే పంపు నీరు లాగే వైపు, ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్ళకండి, ఆ గాలి హీటర్‌లోకి చేరి స్విచ్‌ను ఆడిస్తూనే ఉంటుంది.

ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసి (నీటిని ఎదురు దిశలో పంపి కడిగి), లేదా కార్ట్రిజ్ కడిగి, పైనున్న చిన్న వాల్వ్ తిప్పి లోపలి గాలి వదిలేయండి. అప్పుడు గేజ్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఇదే మీ శుభ్రమైన ఫిల్టర్ ఒత్తిడి. ఇది 8 నుంచి 10 పి.ఎస్.ఐ. (ఒత్తిడిని కొలిచే యూనిట్) పెరిగినప్పుడల్లా ఫిల్టర్ కడగాలి. బ్యాక్‌వాష్ చేసేటప్పుడు హీటర్ తప్పకుండా ఆపి ఉంచండి. నీరంతా డ్రెయిన్‌లోకి పోతుంటే హీటర్‌కు ప్రవాహం అందదు.

పైపుల వరస కూడా ఒకసారి చూసుకోండి. పంపు, ఫిల్టర్, హీటర్, ఆ తర్వాత నాన్-రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి రానివ్వనిది), అన్నిటికన్నా చివర క్లోరినేటర్. క్లోరినేటర్ హీటర్‌కు ముందుంటే గాఢమైన క్లోరిన్ నీరు నేరుగా రాగి గొట్టాల మీద పడి వాటిని తినేస్తుంది. హీటర్ ఇన్‌లెట్, అవుట్‌లెట్ తారుమారు కాలేదని పైపును చేత్తో వెంబడించి నిర్ధారించుకోండి. తారుమారైతే హీటర్‌లోనే ఉండే లోపలి బైపాస్ పని చేయదు, ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు నీటిని చూస్తుంది.

ప్రవాహాన్ని కొలవండి

ఫ్లో మీటర్ లేకపోయినా కొలవచ్చు. హీటర్ ఎంత వేడి ఇస్తుందో మీకు తెలుసు. ఆ వేడి నీటిని ఎన్ని డిగ్రీలు పెంచిందో చూస్తే ఎంత నీరు వెళ్ళిందో లెక్క తేలుతుంది.

నిమిషానికి లీటర్లు = 14.3 × అవుట్‌పుట్ కిలోవాట్లు ÷ ఉష్ణోగ్రత తేడా (సెల్సియస్ డిగ్రీల్లో)

పైన చెప్పిన 96 కిలోవాట్ల హీటర్‌లో లోపలికి వెళ్ళే నీటికీ బయటికి వచ్చే నీటికీ తేడా 6 డిగ్రీలు ఉంటే ప్రవాహం సుమారు 229 లీటర్లు. ఇది చక్కగా ఉన్నట్టు. తేడా 15 డిగ్రీలైతే ప్రవాహం 92 లీటర్లకు పడిపోయింది, ఆ సైజు హీటర్‌కు అది చాలదు. తేడా 3 డిగ్రీలే ఉంటే 458 లీటర్లు వెళ్తోంది, గరిష్ఠం దాటేసింది.

కొలిచేటప్పుడు హీటర్ పూర్తి శక్తితో నడుస్తూ ఉండాలి. థర్మోస్టాట్‌ను పూల్ నీటి ఉష్ణోగ్రత కన్నా కనీసం 4 డిగ్రీలు పైకి పెట్టండి. గ్యాస్ హీటర్‌ను 10 నిమిషాలు, హీట్ పంపును 20 నుంచి 30 నిమిషాలు నడవనిచ్చి, రీడింగులు నిలకడగా ఉన్నాక రాసుకోండి. బయటి బైపాస్ ఉంటే, అది పైపులతో కలిసే టీ జాయింట్లకు హీటర్ వైపున కొలవండి. టీ దాటాక కొలిస్తే హీటర్‌లోంచి వచ్చిన నీరు, బైపాస్ నీరు కలిసిపోతాయి. అప్పుడు వచ్చేది మొత్తం పంపు ప్రవాహం.

థర్మామీటర్ల విషయంలో బద్ధకించకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 15 కిలోవాట్ల హీట్ పంపులో తేడా 2 డిగ్రీలు ఉంటే ప్రవాహం 107 లీటర్లు. థర్మామీటర్ అర డిగ్రీ అటూ ఇటూ అయితే అదే లెక్క 86కు దిగుతుంది, లేదా 143కు ఎగబాకుతుంది. కాబట్టి ఒకే రకం డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకోండి. రెండిటినీ ఒకే బకెట్ నీటిలో ఐదు నిమిషాలు ఉంచి, వాటి మధ్య ఎంత తేడా ఉందో రాసుకుని, ఆ తేడాను తర్వాత లెక్కలోంచి తీసేయండి. ప్రోబ్‌ను పి.వి.సి. పైపుకు తాకిస్తే లాభం లేదు. ప్లాస్టిక్ వేడిని సరిగా బయటికి రానివ్వదు. హీటర్ హెడర్ (నీటి పైపులు వచ్చి కలిసే భాగం) మీద లోహపు ప్లగ్గో, పైపును కలిపే లోహపు యూనియనో ఉంటే దాని మీద ప్రోబ్ పెట్టి, పైన స్పాంజి చుట్టి టేపు వేయండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే లోహాన్ని తప్పుగా చదువుతుంది. ఆ చోట నల్లని ఇన్సులేషన్ టేపు అతికించి, టేపు మీద గురిపెట్టి చదవండి.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. హీటర్ ప్లేటు మీద రాసినంత వేడి నిజంగా ఇస్తూ ఉండాలి. గ్యాస్ సరిగా అందకపోయినా, హీట్ పంపు చల్లటి గాలిలో నడుస్తున్నా అవుట్‌పుట్ పడిపోతుంది, తేడా తగ్గుతుంది, ప్రవాహం ఉన్నదానికన్నా ఎక్కువగా ఉన్నట్టు లెక్క వస్తుంది. అలాంటి అనుమానం ఉంటే ఫ్లో మీటర్ పెట్టించండి. దానికి ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, తర్వాత ఐదు రెట్లు వంపు లేని నేరు పైపు ఉండాలి. అంటే 50 మి.మీ. పైపు మీద ముందు అర మీటరు, వెనక పావు మీటరు. ఎల్బో పక్కనే బిగించిన మీటర్ చూపించే అంకెను నమ్మలేం.

ఇంకో దారి కూడా ఉంది. పంపు సక్షన్ వైపు డ్రెయిన్ ప్లగ్ దగ్గర వాక్యూమ్ గేజ్, నీరు బయటికి తోసే డెలివరీ వైపు ప్రెషర్ గేజ్ పెట్టండి. నీటి ఎత్తులోకి మారిస్తే డెలివరీ ఒత్తిడి ప్రతి పి.ఎస్.ఐ.కి 0.70 మీటర్లు, వాక్యూమ్ ప్రతి అంగుళం పాదరసానికి 0.345 మీటర్లు. 14 పి.ఎస్.ఐ., 8 అంగుళాలు వస్తే 9.8, 2.8 కలిపి మొత్తం 12.6 మీటర్ల హెడ్ (పంపు మోస్తున్న మొత్తం ఒత్తిడి). పంపు మాన్యువల్‌లోని గ్రాఫులో ఆ హెడ్ దగ్గర ప్రవాహం ఎంతో చూసుకోవచ్చు. ఫిల్టర్ మీది గేజ్‌ను దీనికి వాడకండి. పంపుకూ ఫిల్టర్‌కూ మధ్య పోయే ఒత్తిడి దాంట్లో కనిపించదు.

బైపాస్ సర్దండి

ప్రవాహం తక్కువైతే బైపాస్ దాన్ని పెంచలేదు. బైపాస్ పూర్తిగా మూసి ఉన్నా కనిష్ఠం అందడం లేదంటే మళ్ళీ అడ్డంకులు వెతకాలి. సగం మూసుకుపోయిన వాల్వ్, ఇంపెల్లర్‌లో (పంపు లోపల తిరిగే చక్రంలో) ఇరుక్కున్న చెత్త, సన్నని రిటర్న్ పైపు, చాలని పంపు, ఈ వరసలో చూడండి.

ఎక్కువైతేనే బైపాస్ అవసరం. ఎక్కువ నీరు వెళ్తే నష్టమేముంది అనిపించవచ్చు. నష్టం ఉంది. మామూలు గ్యాస్ హీటర్‌లో గొట్టాలు మరీ చల్లగా ఉండిపోతే, పొగలో ఉండే నీటి ఆవిరి వాటి మీద చెమటలా పడుతుంది. పొగ తగిలే ఉపరితలం దాదాపు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఇది మొదలవుతుంది. ఆ తేమ ఆమ్ల గుణం కలది. మసి పట్టిస్తుంది, గొట్టాలను, ఇనుప భాగాలను తింటుంది. పైగా మరీ వేగంగా పారే నీరు రాగిని లోపలినుంచి అరగదీస్తుంది. నీటి పి.హెచ్. తక్కువగా ఉంటే ఆ అరుగుదల ఇంకా వేగంగా సాగుతుంది.

హీటర్ కింద నీటి చుక్కలు కనిపిస్తే లీకేజీ అని కంగారుపడే ముందు ఇలా చూడండి. పంపు నడుస్తూ, బర్నర్ ఆగి ఉన్నప్పుడు కూడా చుక్కలు పడుతుంటే అది లీకు. బర్నర్ వెలిగినప్పుడే పడి, పూల్ వేడెక్కేకొద్దీ తగ్గిపోతే అది చెమ్మ. చాలా చల్లగా ఉన్న పూల్‌ను మొదటిసారి వేడి చేసేటప్పుడు కాసేపు చెమ్మ పట్టడం సహజం. పూల్ వేడెక్కాక కూడా ఆగకపోతే ప్రవాహం ఎక్కువైనట్టు, లేదా లోపలి బైపాస్ స్ప్రింగ్ చెడినట్టు.

సర్దే తీరు ఇది. హీటర్ ఇన్‌లెట్, అవుట్‌లెట్ వాల్వులు రెండూ పూర్తిగా తెరవండి. బైపాస్ పూర్తిగా మూయండి. హీటర్ నడిపి తేడా కొలవండి. గరిష్ఠం దాటితే బైపాస్‌ను కొద్దికొద్దిగా తెరుస్తూ, తెరిచిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ కొలవండి. బాల్ వాల్వ్ అయితే హ్యాండిల్‌ను వేలెడంత కూడా కాదు, ఇంకా తక్కువ జరపండి. కాస్త తెరవగానే ప్రవాహం బాగా మారిపోతుంది. హీట్ పంపుల్లో తేడా 2 డిగ్రీల దగ్గర నిలిచేలా సర్దడం వాడుకలో ఉన్న పద్ధతి. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే తీసుకోండి. సరైన చోటు దొరికాక హ్యాండిల్ ఎక్కడుందో చెరగని మార్కర్‌తో పైపు మీద గీత గీయండి. వీలైతే హ్యాండిల్ తీసి పక్కన పెట్టండి, మరొకరు తెలియక తిప్పకుండా ఉంటారు.

ప్రవాహం తగ్గించడానికి అవుట్‌లెట్ వాల్వ్‌ను ఎప్పుడూ మూయకండి. అది చేసే పని పైన చెప్పుకున్నదే: ఒత్తిడి పెంచి స్విచ్‌ను మోసం చేస్తుంది.

ప్రెషర్ స్విచ్

హీటర్ హెడర్ నుంచి సన్నని రాగి గొట్టం వెళ్ళి కలిసే చిన్న గుండ్రని భాగమే ప్రెషర్ స్విచ్. దానికి రెండు వైర్లు, తిప్పడానికి ఒక పళ్ళ చక్రమో స్క్రూనో ఉంటాయి. చాలా హీటర్లలో ఫ్యాక్టరీ నుంచి 1.75, 2 పి.ఎస్.ఐ. దగ్గర పెట్టి వస్తుంది. పూల్ నీటి మట్టానికి దాదాపు సమానంగా హీటర్ ఉంటే దాన్ని కదిలించే పని సాధారణంగా పడదు.

ఎత్తు తేడా ఉన్నప్పుడే సర్దాలి. ఒక మీటరు నీటి ఎత్తు 1.42 పి.ఎస్.ఐ. ఒత్తిడి ఇస్తుంది. హీటర్ పూల్ మట్టం కన్నా 1.5 మీటర్లు కిందుంటే పంపు ఆగి ఉన్నా 2.1 పి.ఎస్.ఐ. నిలిచి ఉంటుంది. 2 దగ్గర పెట్టిన స్విచ్ ఎప్పటికీ తెరుచుకోదు, అంటే కరెంటు ఆపదు, పంపు ఆగినా హీటర్ వెలిగే ఉంటుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన పరిస్థితి. హీటర్ పైన ఉంటే దీనికి తిరగబడుతుంది. నీరు కిందికి లాగేస్తుంటుంది కాబట్టి ఒత్తిడి చాలక స్విచ్ కలవదు. ఎత్తు తేడా తయారీదారు చెప్పిన హద్దు దాటితే స్విచ్‌ను సర్దడంతో పని కాదు. తెడ్డులాంటి రేకు నీటిలో ఉండే ఫ్లో స్విచ్ పెట్టించాలి, అది నిజమైన కదలికనే చూస్తుంది.

ఫిల్టర్ శుభ్రంగా ఉండగా, పంపు నడుస్తూ, హీటర్ వెలిగి ఉండగా చక్రాన్ని గడియారం ముళ్ళు తిరిగే దిశలో నెమ్మదిగా తిప్పండి. టిక్‌మని వినిపించి హీటర్ ఆరిపోతుంది. అక్కడినుంచి వెనక్కి పావు చుట్టు తిప్పండి, హీటర్ మళ్ళీ వెలగాలి. కొన్ని మోడళ్ళలో దిశ తిరగబడి ఉంటుంది కాబట్టి చక్రం మీది గుర్తు చూసి తిప్పండి.

ఎంత సర్దినా స్విచ్ కలవకపోతే, వైర్లు రెండూ కలిపేసి హీటర్ నడిపే ఆలోచన చేయకండి. బ్రేకర్ ఆపి, వైర్లు విప్పి, మల్టీమీటర్ పెట్టండి. పంపు నడుస్తుంటే సున్నా ఓమ్స్ దగ్గర, ఆగితే తెరిచినట్టు చూపాలి. పంపు బ్రేకర్ వేరే ఉంటేనే ఇలా వీలవుతుంది. పంపు నడుస్తున్నా తెరిచే ఉంటే, పంపు ఆపి ఆ సన్నని గొట్టం విప్పి చూడండి. తుప్పో సున్నపు గారో అడ్డుపడి ఉండడం తరచుగా కనిపిస్తుంది. గొట్టం శుభ్రంగా ఉండీ స్విచ్ కలవకపోతే కొత్తది వేయండి.

పరీక్షలు

మొదటిది ఆపే పరీక్ష. హీటర్ నిండుగా నడుస్తుండగా పంపు స్విచ్ ఆపండి. బర్నర్ వెంటనే ఆరాలి. నీరు నిలిచిపోయాక కూడా మంట కనిపిస్తుంటే స్విచ్‌ను మరింత ఒత్తిడి అడిగే వైపు తిప్పి మళ్ళీ చూడండి. వరసగా మూడుసార్లు సరిగా ఆరితేనే నెగ్గినట్టు.

రెండోది మురికి ఫిల్టర్ పరీక్ష. ఒకరు హీటర్ దగ్గర ఉండగా, ఇంకొకరు ఫిల్టర్ మురికిపట్టినట్టే నీరు తగ్గేలా హీటర్‌కు ముందున్న వాల్వ్‌ను మెల్లగా మూస్తూ రావాలి. హీటర్ తర్వాతది ముట్టుకోకూడదు. ప్రవాహం మాన్యువల్‌లోని కనిష్ఠానికి పడేలోగా హీటర్ దానంతటదే ఆగాలి. అంతకన్నా తక్కువలో కూడా నడుస్తుంటే స్విచ్ మరీ తక్కువ ఒత్తిడికే కలుస్తోంది. లోపలినుంచి కెటిల్ మరిగే చప్పుడు వినిపిస్తే పరీక్ష అక్కడే ఆపి వాల్వ్ పూర్తిగా తెరిచేయండి.

పూల్, స్పా, జలపాతం లాంటి మార్గాలు వేర్వేరు వాల్వులతో మారే ఏర్పాటైతే ప్రతి మార్గంలోనూ రెండు పరీక్షలూ చేయాలి. పూల్ మార్గంలో బాగా నడిచే హీటర్ స్పా జెట్ల వల్ల వచ్చే వెనుక ఒత్తిడితో వేరేగా ప్రవర్తిస్తుంది.

వేగం మారే పంపు ఉంటే

ఇక్కడ రెండు లెక్కలు పనికొస్తాయి. పంపు వేగం సగమైతే ప్రవాహం సగమవుతుంది, ఒత్తిడి మాత్రం నాలుగో వంతుకు పడుతుంది. నిమిషానికి 3,450 చుట్ల దగ్గర హీటర్ హెడర్‌లో 6 పి.ఎస్.ఐ. ఉంటే 1,725 దగ్గర 1.5 మాత్రమే మిగులుతుంది. ప్రవాహం ఇంకా సరిపోతున్నా స్విచ్ తెరుచుకుంటుంది. చాలామంది అప్పుడు స్విచ్‌ను వదులు చేసేస్తారు. అది చేయకండి, వేడి చేసే గంటల్లో వేగం పెంచండి.

పూర్తి వేగంతో మొదలుపెట్టి 100 చుట్ల చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. హీటర్ ఆరిన వేగానికి 250, 300 చుట్లు కలపండి. ఆ వేగంలో ఉష్ణోగ్రత తేడా కొలిచి, ప్రవాహం కనిష్ఠానికి పైనే ఉందని చూసుకుని, టైమర్‌లో వేడి చేసే సమయానికి దాన్నే పెట్టండి. పంపు ఆగే 15 నిమిషాల ముందే హీటర్ ఆగేలా కూడా టైమర్ సర్దండి. లోపల మిగిలిన వేడిని నీరు తీసుకుపోతుంది.

విద్యుత్ హీటర్లకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. నీరు లేకుండా ఎలిమెంట్ కొన్ని క్షణాలు వెలిగినా కాలిపోవచ్చు. ఫ్లో స్విచ్ మీది బాణం నీరు పారే దిశలోనే ఉందో లేదో చూడండి. పంపు నడుస్తున్నప్పుడు తప్ప ఎలిమెంట్‌కు కరెంటు వెళ్ళకుండా ఇంటర్‌లాక్ ఉండాలి.

సర్దడం పూర్తయ్యాక శుభ్రమైన ఫిల్టర్ ఒత్తిడి, ఉష్ణోగ్రత తేడా, లెక్కలో వచ్చిన ప్రవాహం, పంపు వేగం, తేదీ ఒక కార్డు మీద రాసి హీటర్ తలుపు లోపలివైపు అతికించండి. ఫిల్టర్ మురికిపట్టి కడగాల్సిన స్థాయికి వచ్చినప్పుడు, కడిగే ముందు తేడాను ఇంకోసారి కొలవండి. అప్పుడు కూడా ప్రవాహం కనిష్ఠానికి పైనే ఉండాలి. అంతలో లేకపోతే ఫిల్టర్‌ను ముందే కడగండి, లేదా పంపు వేగం మరో 100 చుట్లు పెంచి కార్డు మీద అంకె మార్చండి.